మా మామ క్యాలిక్యులేటర్

ఈసారి సంక్రాంతికి మా ఇంట్లో సకినాల కంటే ఎక్కువగా ఒక పాత క్యాలిక్యులేటర్ గురించి మాటలు నడిచాయి. దాని గురించే రాద్దామని కూర్చున్నాను. అది రాయాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి. అందుకే ఇన్ని రోజులు వాయిదా వేస్తూ వచ్చాను.

మాది కోహీర్. జహీరాబాద్‌కి దగ్గర, ఎర్రనేల, జామతోటల ఊరు. హైదరాబాద్‌లో ఉండే మా చుట్టాలకి మా ఊరు రెండుసార్లు గుర్తొస్తుంది. బండి మీద జామపండ్లు అమ్మేవాళ్ళు ‘కోహీర్ జామ’ అన్నప్పుడు ఒకసారి, చలికాలంలో టీవీ వాళ్ళు రాష్ట్రంలో ఎక్కడెక్కడ చలి ఎక్కువగా ఉందో చదివినప్పుడు ఇంకోసారి. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు ఒక్క అంకె డిగ్రీలకు దిగిపోతాయి. కొబ్బరినూనె సీసా రాయిలా అవుతుంది. పాలు తోడుకోవు. గిన్నెను గొంగడిలో చుట్టి పెట్టినా పెరుగు మధ్యాహ్నానికి గానీ కాదు.

అలాంటి ఊళ్ళో మా మామ నలభై ఏళ్ళు జామతోటలు గుత్తకు పట్టి వ్యాపారం చేశాడు. చలికాలమే పండ్ల కాలం. చీకటితోనే తోటకి పోయి, తెంపించి, గంపలు కట్టించి, తూకం వేయించి పంపేవాడు. నేను కోడలిగా వచ్చినప్పుడు ఆయన నడకకి నా పరుగు సరిపోయేది కాదు. ‘జల్ది, జల్ది’ అనేది ఆయన ఊతపదం. చాయ్ ఇవ్వడం రెండు నిమిషాలు ఆలస్యమైతే తాగకుండానే పోయేవాడు.

ఆ మనిషికి ఐదేళ్ళ కింద పార్కిన్సన్స్ వచ్చింది. మా దగ్గర వణుకుడు జబ్బు అంటారు. నిజానికి ఆయనకు వణుకు తక్కువ, నిదానం ఎక్కువ. మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారు చేసే కణాలు తగ్గిపోవడం వల్ల కదలికలు మందగిస్తాయని, కండరాలు బిగుసుకుంటాయని డాక్టర్ చెప్పారు. ఆలోచనలో తేడా లేదు. లెక్క అడిగితే నాకంటే ముందు చెప్తాడు. చెయ్యి ఎత్తమంటే మాత్రం, మనం చెప్పిన మాట ఎక్కడో దూరం నడిచివెళ్ళి చేతిని చేరినట్టు ఉంటుంది.

డిసెంబరు ఆఖర్లో ఆయన్ని హైదరాబాద్‌లో డాక్టర్‌కి చూపించే రోజు వచ్చింది. పొద్దున్నే ఆటోలో హైవే దాకా పోయి అక్కడ బస్సెక్కాలి. మా ఆయన ఆటో కోసం బయటికి పోయాడు. నేను నాలుగింటికే లేచి, వంట చేసి, డబ్బాలు కట్టి, మామకి స్వెట్టర్ తొడుగుదామని వెళ్ళాను. ఎడమచెయ్యి స్వెట్టర్‌లోకి పోయింది. కుడిచెయ్యి లేవడం లేదు. ఒక నిమిషం చూశాను. రెండు నిమిషాలు చూశాను. బయట ఆటో హారన్ మోగింది.

‘మామా, జర జల్ది కానియ్యరాదు!’ అని అరిచి, ఆయన చెయ్యి పట్టుకుని గుంజాను.

చంక దగ్గర కుట్టు చిరిగింది. ఆయన మోచెయ్యి మంచం పట్టెకు కొట్టుకుంది. దెబ్బ పెద్దది కాదు. కానీ ఆయన నా మొహం వైపు చూడకుండా అన్న మాట నాకు ఇంకా వినిపిస్తోంది.

‘గుంజకు బిడ్డా. నేను లేచిన గానీ చెయ్యి ఇంకా లేవలె. గుంజితే ఇంకింత బిగుసుకుంటది.’

బస్సు దొరికింది, డాక్టర్ చూశారు, మందులు మార్చారు, రాత్రికి తిరిగొచ్చాం. పైకి ఏమీ జరగనట్టే ఉంది. కానీ ఆ తర్వాత మామ నాతో మాట్లాడడం తగ్గిపోయింది. రొట్టె పెడితే తిన్నాడు, గోలీ ఇస్తే వేసుకున్నాడు. రోజూ పొద్దున ‘ఏం కూర బిడ్డా’ అని అడిగేవాడు, అది అడగడం మానేశాడు. నేను మామూలుగా ఉండాలని గట్టిగా నవ్వాను, ఆయనకిష్టమైన పచ్చిపులుసు చేశాను, పక్కింటి కబుర్లు చెప్పాను. ఏదీ పనిచేయలేదు. ఒక మాట అనడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆ మాట పడిన మనిషి మళ్ళీ ముందులా అవడానికి రోజులు పడుతున్నాయి.

ఇంతలో పండగకి మా పెద్దమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతోంది. తాత ట్రంకుపెట్టె సర్దుతూ పాత లెక్కల పుస్తకాలు, రబ్బరుబ్యాండ్లు వేసిన చిట్టీల కట్టలు, వాటి కింద ఒక క్యాలిక్యులేటర్ బయటికి తీసింది. మీటల మీద అంకెలు సగం అరిగిపోయాయి. మర్నాడు దుకాణం నుంచి కొత్త సెల్లు తెచ్చి వేసి, రాత్రి దాన్ని వరండాలో మామ మంచం పక్కన కిటికీలో పెట్టి మరిచిపోయింది.

తెల్లారి చూస్తే వింతగా ఉంది. 8 నొక్కితే అంకె వెంటనే రావడం లేదు. ముందు పొగ పట్టినట్టు బూడిదరంగులో కనబడి, నిదానంగా నల్లబడుతోంది. తుడిపేస్తే ఒక్కసారిగా పోవడం లేదు, మచ్చలా కాసేపు నిలబడి కరిగిపోతోంది. కొత్త అంకె వచ్చాక కూడా పాత అంకె నీడ దాని వెనకాల ఉంటోంది. మా అమ్మాయి నవ్వుతూ మీటను గట్టిగా నొక్కుతూ, ‘తాతా, ఇది కూడా ముసలిదైంది’ అంది. నాకు గుండె గుభేలుమంది. ఆయన ఏమనుకుంటాడో అని.

మామ నవ్వాడు. వారం తర్వాత అదే మొదటి నవ్వు. ‘గట్టిగ ఒత్తితే రాదు బిడ్డా. దాన్ని సంకల పెట్టుకో జరసేపు. వెచ్చగైతే అదే వస్తది’ అన్నాడు.

అది పెట్టుకుంది. పది నిమిషాల తర్వాత తీసి నొక్కితే అంకెలు టకటకా వచ్చాయి! మేమిద్దరం నోళ్ళు తెరిచాం. చలికాలం తోటలో బేరాలప్పుడు క్యాలిక్యులేటర్‌ని స్వెట్టర్ లోపలి జేబులో పెట్టుకునేవాడట. ‘బయట పెడితే నాకంటె ముందు బేరగాడు నోటిలెక్క చెప్తుండె’ అన్నాడు. ఎవరూ చెప్పకుండానే అన్నేళ్ళుగా ఆయనకు ఆ సంగతి తెలుసు. ఎందుకలా అవుతుందో మాత్రం తెలీదు. మనవరాలిని అడిగాడు. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. నేను బియ్యం ఏరుతూ కూర్చుని విన్నాను. తర్వాత రెండురోజులు దాన్ని వదలకుండా అడిగాను. నేను చదివింది బీఏ తెలుగు, సైన్సు నాకు పదో తరగతితోనే ఆగింది. కాబట్టి నాకు అర్థమైనట్టే చెప్తాను.

క్యాలిక్యులేటర్ అద్దంలో ఉండేవి ద్రవ స్ఫటికాలు. ఎల్‌సీడీ అని మనం టీవీలకి వాడే మాటలో మొదటి రెండక్షరాలూ ఇవే. పేరు వినగానే నాకు ముచ్చటేసింది. ద్రవం అంటే పారేది. స్ఫటికం అంటే కుదురుగా, వరసగా పేర్చినట్టు ఉండేది. పటికబెల్లం, ఉప్పురాయి లాంటివి. ఒకదానికొకటి పొసగని రెండు మాటల్ని పక్కపక్కన కూర్చోబెట్టారు.

‘అంటే నెయ్యి లాగానా, కొంచెం పేరుకుని కొంచెం కరిగి?’ అని అడిగాను. కాదంది. నెయ్యిలో గట్టిపడిన పూస వేరు, కరిగిన నూనె వేరు, రెండూ కలిసి ఉంటాయి. కొబ్బరినూనె గడ్డ కడుతుంది, లేదా కరుగుతుంది. ద్రవ స్ఫటికం అలా సగం ఇది, సగం అది కాదు. మొత్తం పదార్థమే మూడో రకంగా ఉంటుంది. దాని అణువులు పొడవాటి పుల్లల్లా ఉంటాయి. అవి ఒకచోట నిలబడవు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పారుతూనే ఉంటాయి. కానీ అన్నీ దాదాపు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి.

ఇది అర్థం కావడానికి దానికంటే నాకే మంచి ఉదాహరణ దొరికింది. శివరాత్రికి ఝరాసంగం కేతకీ సంగమేశ్వర స్వామి జాతరకి వెళ్తే గుడి ముందు జనం ఎలా ఉంటారు? ఎవరూ ఒకచోట నిలబడరు. నెట్టుకుంటారు, ముందుకొస్తారు, వెనక్కి పోతారు. కానీ మొహాలన్నీ గుడివైపే ఉంటాయి. నడక ఎవరిది వాళ్ళదే, చూపు మాత్రం అందరిదీ ఒకటే. మా అమ్మాయి ‘అంతే అమ్మా, సరిగ్గా అదే’ అంది. ఆ పూట నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

ఈ వింతను మొదట గమనించింది భౌతికశాస్త్రవేత్త కాదు, మొక్కల శాస్త్రవేత్త. పేరు ఫ్రీడ్రిష్ రైనిట్జర్. 1888లో ప్రాగ్ నగరంలో క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్ మీద పనిచేస్తూ, దానితో తయారైన ఒక పదార్థాన్ని వేడి చేశాడు. 145.5 డిగ్రీల దగ్గర అది కరిగింది, కానీ గంజిలా మబ్బుగా ఉంది. 178.5 డిగ్రీల దగ్గర ఇంకోసారి కరిగినట్టై తేటపడింది. ఏ పదార్థమైనా ఒకసారే కరుగుతుంది కదా, ఇది రెండుసార్లు కరగడమేమిటి అని ఆయన ఒట్టో లేమన్ అనే భౌతికశాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. లేమన్ సూక్ష్మదర్శినిలో చూసి, ఆ మబ్బు ద్రవం స్ఫటికంలా ప్రవర్తిస్తోందని గుర్తించి, ఆ పేరు పెట్టాడు. చాలామంది నమ్మలేదు. ఏదో మలినం కలిసి ఉంటుందన్నారు. వంటింట్లో క్యారెట్లు కోస్తుంటే ఇప్పుడు నాకు ఆయన గుర్తొస్తున్నాడు.

వంటిల్లంటే ఇంకోటి గుర్తొచ్చింది. సబ్బుపెట్టెలో నీళ్ళు నిలిస్తే అడుగున జారుడుగా ఒక జిగురు తయారవుతుంది చూడండి, మనం విసుక్కుంటూ కడిగి పారేసేది. అదీ ఒక రకం ద్రవ స్ఫటికమేనట. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొర కూడా అలాంటిదేనట. ఇన్నేళ్ళూ దాన్ని చేత్తో ముట్టుకుంటూనే ఉన్నాం, పేరు తెలీదంతే.

మన దేశానికి కూడా ఇందులో పెద్ద వాటా ఉంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ అనే శాస్త్రవేత్త, నోబెల్ వచ్చిన చంద్రశేఖర్ వేరు, ఈయన వేరు, తన తోటివాళ్ళు సదాశివ, సురేశ్‌లతో కలిసి 1977లో ఒక కొత్త సంగతి కనుక్కున్నారు. అప్పటిదాకా పుల్లల్లాంటి అణువులే ద్రవ స్ఫటికాలవుతాయని అనుకునేవాళ్ళు. గుండ్రటి బిళ్ళల్లాంటి అణువులు కూడా ఒకదానిమీద ఒకటి దొంతరలుగా చేరి ద్రవ స్ఫటికాలవుతాయని వీళ్ళు చూపించారు. నాకు వెంటనే మా జొన్నరొట్టెల దొంతర కళ్ళ ముందు కదిలింది. తర్వాత 1991లో బెంగళూరులోనే ద్రవ స్ఫటికాల కోసం ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. అదే ఏడాది ఫ్రాన్స్‌కి చెందిన పియెర్ జీల్ ద జెన్ గారికి ఇలాంటి పదార్థాల మీద చేసిన పనికి నోబెల్ ఇచ్చారు.

సరే, చలికీ అంకెలకీ సంబంధం ఏమిటి?

క్యాలిక్యులేటర్ తెరలో రెండు పలుచటి గాజుపలకలుంటాయి. వాటి మధ్య సందు వెంట్రుక మందంలో సుమారు పదో వంతు ఉంటుంది. ఆ సందులో ద్రవ స్ఫటికం నింపుతారు. పై పలక దగ్గర అణువులు ఒక దిక్కుకి, కింది పలక దగ్గర దానికి అడ్డంగా ఇంకో దిక్కుకి ఉండేలా పలకల లోపలివైపు ముందే తయారు చేసిపెడతారు. మధ్యలో ఉన్న అణువులు పాపం ఇద్దరికీ నచ్చజెప్పాలి కదా, అందుకని పైనుంచి కిందికి మెట్లమెట్లుగా మెలి తిరుగుతాయి. ఆ మెలి వెంట వెలుతురు తిరిగి బయటికొస్తుంది, తెర తెల్లగా కనిపిస్తుంది. కరెంటు పెట్టినచోట అణువులు మెలి విడిచి నిటారుగా నిలబడతాయి. అక్కడ వెలుతురు ఆగిపోయి నల్లటి గీత కనబడుతుంది. ఏడు గీతలతో అన్ని అంకెలూ వస్తాయి. 8కి ఏడూ కావాలి, 1కి రెండు చాలు. తెరకి సొంత వెలుగేమీ లేదు, మీటకి తగ్గట్టు అణువులు లేచి నిలబడడమే ఉంది.

ఆ నిలబడడానికి కొంత సమయం పడుతుంది. ఇక్కడే నన్ను పట్టుకున్న సంగతి ఉంది. విడిగా ఒక్కో అణువూ మహా చురుకైనది. తన చుట్టూ తాను గిరగిరా తిరగడానికి దానికి సెకనులో వంద కోట్ల వంతు కూడా పట్టదట. కానీ అందరూ కలిసి మొహం తిప్పాలంటే సెకనులో వెయ్యో వంతులు, పదుల వెయ్యో వంతులు కావాలి. అణువుల లోకంలో అది చాలా నిదానం. జాతరలో ఒక మనిషి గిర్రున వెనక్కి తిరగగలడు, జనమంతా తిరగాలంటే ఒకరినొకరు ఒరుసుకుంటూ తిరగాలి. ఆ ఒరిపిడే చిక్కదనం. చలి పెరిగేకొద్దీ ఆ చిక్కదనం గబగబా పెరుగుతుంది, తేనె చలికి సీసాలోంచి దిగనట్టు. అందుకే మామూలప్పుడు కంటికి తెలియని ఆలస్యం కోహీర్ చలిలో కంటికి కనబడింది. చలికి సెల్లు కూడా కొంత నీరసపడుతుంది, అదొక కారణం.

ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వని మాట అదే.

కరెంటు పెట్టినప్పుడు అణువుల్ని తిప్పే బలం ఒకటుంది. కరెంటు పెంచితే ఇంకా తొందరగా తిరుగుతాయి. కానీ కరెంటు తీసేశాక మళ్ళీ పాత మెలికలోకి రావాలి కదా, అప్పుడు వాటిని వెనక్కి గుంజేవాళ్ళు ఎవరూ ఉండరు. గాజుపలకల దగ్గర కదలకుండా ఉన్న అణువుల ఆనవాలు పట్టుకుని, తమ సాగుడు గుణంతో తామే మెల్లగా వెనక్కి రావాలి. ఆ రాకను బయటి నుంచి కరెంటుతో తొందర పెట్టలేం. సందు రెండింతలైతే తిరిగి రావడానికి నాలుగింతల సమయం పడుతుంది. తుడిపేసిన అంకె నీడలా నిలబడి ఉన్నది అందుకే. వాటికి సాయం చేయగలిగింది వెచ్చదనం ఒకటే.

నేను ఆ చీకట్లో నా అరుపు గురించి ఆలోచించాను. ఒక్క మాటతో ఆయన్ని తిప్పేశాను. ఆ మాటను వెనక్కి తీసుకున్నాననుకున్నాను, నవ్వాను, పచ్చిపులుసు చేశాను. అవన్నీ మీటను మళ్ళీ మళ్ళీ గట్టిగా నొక్కడమే. తిరిగి రావలసింది ఆయన. ఆ రాకకి నా తొందరతో పని లేదు.

పొరపాటుగా అనుకోకండి. మా మామ జబ్బూ క్యాలిక్యులేటర్ నిదానమూ ఒకటే అనడం లేదు. ఆయన నిదానానికి కారణం మెదడులో ఉంది, దానికి మందు డాక్టర్ దగ్గర ఉంది. ఒంట్లో వెచ్చదనంతో తగ్గే జబ్బయితే నేను రాత్రింబవళ్ళూ పొయ్యి ఆర్పకుండా కాపలా కాసేదాన్ని. కానీ నా తొందర మాత్రం రెండుచోట్లా ఒకటే. చెయ్యి ఎందుకు లేవడం లేదో కనుక్కోకుండా గుంజాను. అంకె ఎందుకు రావడం లేదో తెలీకుండా మా అమ్మాయి మీటను గట్టిగా నొక్కింది. మాకిద్దరికీ తెలీనిది ఆయనకు తెలుసు.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఈ తెరలు ఇలా ఇంటింటికీ రావడానికి కూడా చాలా కాలం పట్టింది. రైనిట్జర్ తర్వాత 80 ఏళ్ళకి, 1968లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీలో జార్జ్ హైల్‌మయర్ బృందం మొదటి తెరల్ని చూపించింది. 1973లో జపాన్‌లో షార్ప్ కంపెనీ ద్రవ స్ఫటికాల తెరతో జేబు క్యాలిక్యులేటర్ తెచ్చింది. అదే రోజుల్లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే అనే రసాయన శాస్త్రవేత్త మామూలు గది వేడిలో చెడకుండా నిలిచే ద్రవ స్ఫటికాలను తయారు చేశాడు. అందులో ఒకటి సుమారు 24 డిగ్రీల నుంచి 35 డిగ్రీల మధ్య మాత్రమే ద్రవ స్ఫటికంగా ఉంటుంది. అదొక్కటే వాడి ఉంటే మా కోహీర్‌లో జనవరి పొద్దున గడ్డకట్టేది, మే నెల మధ్యాహ్నం మామూలు నీళ్ళలా అయిపోయేది. అందుకని నాలుగైదు రకాలు కలిపి, ఒకదాని లోటు ఒకటి పూడ్చేలా మిశ్రమం చేస్తారు. అలా కలిపినవి గడ్డకట్టే చలికీ తట్టుకుంటాయి, మండే ఎండకీ తట్టుకుంటాయి. ఇల్లు నడపడం కూడా ఇంచుమించు ఇలాగే అని మీరు నవ్వుకుంటే నేనూ నవ్వుతాను. మా ఇంట్లో తొందరగా కాగేది నేను. ఎండకీ చలికీ ఒకేలా ఉండేది మా ఆయన. ఆయన లేకపోతే ఈ మిశ్రమం ఎప్పుడో విరిగిపోయేది.

ఇప్పుడు మా పొద్దులు కొంచెం మారాయి. డాక్టర్ చెప్పినట్టు మామకి మంచం మీద ఉండగానే మొదటి గోలీ ఇస్తాను. అది పట్టేదాకా ఆయన్ని లేపను. ఇదివరకు ఆ కాగితం మీద ఇదే రాసి ఉన్నా, నాకు వీలైనప్పుడు గోలీ ఇచ్చి వెంటనే లేపేదాన్ని. ఆ అరగంటలో వేణ్ణీళ్ళు కాచి, చొక్కాని పొయ్యి దగ్గర వెచ్చబెడతాను. తర్వాత చొక్కా పట్టుకుని నిలబడతాను. చెయ్యి దానంతట అది వస్తుంది. గుండీలు ఆయనే పెట్టుకుంటాడు. ఐదు గుండీలకి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగైదు నిమిషాలు నాకు మొదట ఎంత బరువుగా ఉండేవంటే, చేతులు ఖాళీగా పెట్టుకోలేక కొంగుని మడతలు పెట్టేదాన్ని. ఇప్పుడు బియ్యం చేట తెచ్చుకుని పక్కనే కూర్చుంటున్నాను.

నేను పూర్తిగా మారిపోయానని రాయలేను. మొన్న గ్యాస్ అయిపోయిన రోజు మళ్ళీ గొంతు లేచింది. సగంలో ఆపుకున్నాను. మామ విన్నాడు. ఏమీ అనలేదు. నేను కూడా వెంటనే నవ్వించే ప్రయత్నం చేయలేదు. చాయ్ పెట్టి ఇచ్చి, దూరంగా వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాను.

చిరిగిన స్వెట్టర్ చంక కుట్టేశాను. క్షమించు మామా అని నోటితో మాత్రం ఇప్పటిదాకా అనలేదు. మా ఇళ్ళల్లో కోడళ్ళు, మామలు అలాంటి మాటలు అనుకోరు కదా.

మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయే ముందురోజు పొద్దున మామ నన్ను పిలిచాడు. స్వెట్టర్ లోపలి జేబులోంచి క్యాలిక్యులేటర్ తీసి నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

‘ఈసారి జామకాయ గంప ఏం ధర పోతున్నదో కనుక్కో బిడ్డా. లెక్క చూద్దాం’ అన్నాడు. ఆగి, ఆ తర్వాత అడిగాడు, ‘ఏం కూర?’

‘చిక్కుడుకాయ, మామా’ అన్నాను.